ఇస్త్రీ అక్క దిద్దుకున్న మాట

ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ ఇస్త్రీ అక్క అనేవాళ్లు. ఇరవై రెండేళ్లుగా అక్కడి దుప్పట్లు, డాక్టర్ల కోట్లు, ఆపరేషన్ గౌన్లు ఆమె చేతుల మీదుగానే మడత పడేవి. చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. అక్షరాలు వచ్చుగానీ, పెద్ద మాట తగిలితే వేలు పెట్టి కూడబలుక్కోవాల్సిందే.

కింది అంతస్తులో, ఎక్స్‌రే గది పక్కన, ఒక చిన్న ప్రార్థన గది ఉండేది. రోజూ పొద్దున ఆరున్నరకి ఫాదర్ గారు వచ్చి ఆ రోజు సువార్త భాగం చదివి, దాని మీద నాలుగు మాటలు చెప్పేవారు. రోగుల బంధువులు, డ్యూటీ దిగిన నర్సులు, అంతా కలిపి పదిమందో పన్నెండుమందో. ఫాదర్ గారు పక్షవాతంతో మంచాన పడ్డాక గదికి తాళం పడింది. నాలుగు రోజులు చూసి ఇస్త్రీ అక్క మేనేజరు దగ్గరికి వెళ్లి తాళంచెవి అడిగింది.

"తీస్తే ఎవరు చదువుతారు?" అన్నాడాయన.

"నేను చదువుతానండీ."

"నీకు చదవడం వచ్చా?"

"తడబడుతూ వచ్చు. మూసిపెట్టడం కంటే అదే నయం కదండీ."

ఇంట్లో భర్త నవ్వాడు. ఆయన బస్సు కండక్టరు. "నువ్వు ఒక పేజీ దాటేసరికి నా బస్సు రెండు ట్రిప్పులు కొట్టొస్తుంది" అన్నాడు. నవ్వినా, తెల్లవారుజామున ఆమె బియ్యం కడుగుతూ ఆ రోజు భాగాన్ని పైకి చదువుతుంటే, తప్పు దొర్లిన చోటల్లా పక్కమీంచే దిద్దేవాడు. ఆరు నెలలు తిరిగేసరికి ఆమెకు తడబాటు తగ్గింది. ధైర్యం పెరిగింది. కాస్త ఎక్కువే పెరిగింది.

ఒకరోజు, చనిపోయిన పన్నెండేళ్ల పాపను ప్రభువు చెయ్యి పట్టి లేపిన భాగం వచ్చింది. భయపడొద్దు, నమ్మితే చాలని ఆయన ఆ పాప తండ్రితో అన్న మాట చదవగానే ఇస్త్రీ అక్కకు ఊపొచ్చింది. "మీరు కూడా అలా నమ్మండి. మీవాళ్లు లేచి నడుచుకుంటూ ఇంటికొస్తారు. ఇది రాసిపెట్టుకోండి" అంది.

వెనక బెంచీలో ఒకాయన కూర్చుని ఉన్నాడు. బస్టాండు ఎదురుగా కళ్లద్దాల షాపు ఆయనది. భార్య పందొమ్మిది రోజులుగా మూడో అంతస్తులో ఉంది. ఆయన ఆ మాట నిజంగానే రాసిపెట్టుకున్నాడు. నాలుగో రోజు ఆవిడ పోయింది.

అంత్యక్రియలైన మర్నాడు ఆయన నేరుగా లాండ్రీకి వచ్చాడు. అరవలేదు.

"నువ్వు చెప్పావు, నేను నమ్మాను. ఎంత నమ్మానంటే, ఆసుపత్రి నుంచి కబురొచ్చేసరికి నేను ఇంట్లో ఉన్నాను. ఆవిడ వస్తుందని గది కడుగుతున్నాను. ఆఖరి గంటలో పక్కన లేను. దీనికేమంటావు?"

ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేలోపే ఆయన వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం సంగతి విని భర్త, "తాళంచెవి ఇచ్చెయ్యి. నీకెందుకీ తలనొప్పి?" అన్నాడు.

"ఇచ్చేస్తే ఆ మాట అలాగే ఉండిపోతుంది. ఎక్కడ అన్నానో అక్కడే దిద్దాలి" అంది ఆమె.

మర్నాడు ఆ రోజు భాగం చదివి, పుస్తకం మూసి, లేచి నిలబడింది. "మొన్న నేనిక్కడ ఒక మాటన్నాను. ఆ పాప లేచిందని రాసుంది. మీవాళ్లు కూడా లేస్తారని ఎక్కడా రాసిలేదు. అది నా సొంత కవిత్వం. దాన్ని నమ్మి ఒకాయన నష్టపోయాడు. ప్రభువు ఆ తండ్రి వెంట ఇంటిదాకా నడిచాడు. నాకు తెలిసింది అంతే. ఇకమీదట తెలిసినంతే చెప్తాను."

పని దిగాక కళ్లద్దాల షాపుకి వెళ్లింది. ఆయన తలెత్తకుండానే, "అద్దాలు కావాలా?" అన్నాడు.

"కాదండీ. నేను చెప్పింది తప్పని పొద్దున అందరి ముందూ ఒప్పుకున్నాను. మీ ముందు ఒప్పుకోకపోతే అది సగమే అవుతుంది."

"సరే, విన్నాను. ఇక వెళ్లమ్మా."

వెళ్లింది. మళ్లీ వారం వచ్చింది, ఆ పై వారమూ వచ్చింది. ఉపదేశం చెయ్యలేదు. "తిన్నారా అన్నయ్యా?" అని అడగడం, ఆయన ఊ అంటే వెళ్లిపోవడం, అంతే.

రెండు నెలల తర్వాత ఒక పొద్దున ఆయన ప్రార్థన గదిలోకి వచ్చి అదే వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆ రోజు ఆవగింజంత విశ్వాసముంటే కొండ కూడా కదులుతుందన్న భాగం. ఆమె ముగించగానే చెయ్యెత్తాడు.

"ఇవాళ నువ్వు చెప్పింది నేను ఒప్పుకోను."

గదిలో అందరూ వెనక్కి తిరిగారు. "ఎందుకు ఒప్పుకోరో చెప్పండి, వింటాం" అంది ఆమె. ఆయన చెప్పాడు. కొంత కోపం, కొంత న్యాయం. మర్నాడు కూడా వచ్చాడు, మళ్లీ చెయ్యెత్తాడు. క్రమంగా అదొక అలవాటైపోయింది. ఆమె చదవడం అయ్యాక, "అన్నయ్య ఏమంటారో చూద్దాం" అనేవాళ్లు నర్సులు. ఆయనకు భయపడే ఇస్త్రీ అక్క తెల్లవారుజామున ఒక్కో భాగాన్ని మూడేసి సార్లు చదవసాగింది. తేలిక మాట ఒక్కటి చెప్పినా ఆయన వదిలేవాడు కాదు మరి.

ప్రభువు తిరిగి లేచాడంటే, ఆయన గాయాలు తాకితే గానీ నమ్మనన్న శిష్యుడి భాగం వచ్చిన రోజు ఆయన, "నేనూ ఆ రకమే. నాలాంటివాడు ఇక్కడ కూర్చోవడం మర్యాద కాదేమో" అని లేచాడు.

"ఆ మాటన్న వారం తర్వాత కూడా ఆ శిష్యుడు మిగతావాళ్లతోనే ఉన్నాడని రాసుంది అన్నయ్యా. ఎవరూ బయటికి పంపలేదు. కూర్చోండి."

కూర్చున్నాడు.

ఇది జరిగి తొమ్మిదేళ్లు. కొత్త ఫాదర్ గారు వచ్చారు, రెండు రోజులు కూర్చుని విన్నారు. ఆదివారం మాత్రం తాను తీసుకుని, మిగతా ఆరు రోజులూ ఆమెకే వదిలేశారు. లాండ్రీ నుంచి ఆమె రిటైరై ఏడాదైంది. ఆరుంబావు బస్సుకి వచ్చి ఇప్పటికీ తాళం తీస్తుంది. కళ్లద్దాల షాపాయన నమ్మాడో లేదో ఎన్నడూ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. నిన్న మాత్రం ఆమె కంటే ముందే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పైవార్డులో భార్యను చేర్చిన ఒకతను, ఎవరితో మాట్లాడాలో తెలియక నడవాలో తిరుగుతుంటే, ఆయనే లోపలికి తీసుకొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.