నూనె రంధ్రానికి బొట్టు

చదువరీ, నిజం చెప్పండి. ఇనుముకు పూనకం వస్తుందా?

కర్నూలు కొత్త రాజధానై, డేరాల కింద ప్రభుత్వం నడుస్తున్న ఈ రోజుల్లోనే, కోడుమూరు దగ్గరి వేరుశనగ మిల్లులో వస్తుందనే నమ్ముతున్నారు. నేనక్కడ ఫిట్టర్‌గా ఉండేవాణ్ణి. మా అక్క కాయలు పోసే కూలీ. ఆయిలింజను తిప్పే పెద్ద ఇరుసు ఆమె భుజం పక్కనే తిరుగుతుంది.

ఆ ఇరుసును మోసేది ఇత్తడి బేరింగు కాదు. రెంటి మధ్యా నిలిచే పలుచని నూనె పొర. సందు ఎక్కువైతే ఇరుసు ఎగిరెగిరి పడుతుంది. తక్కువైతే నూనె నిలవక కాలుతుంది. బేరింగు మీది మూత కింద పలుచని రేకులు తీసో, వేసో ఆ సందును సరిచేస్తాం. నూనె దిగే రంధ్రం మూత నడినెత్తిన ఉంటుంది. చూడటానికి నుదురులా కనిపిస్తుంది కాబట్టి ఆడవాళ్లు అమ్మవారని శుక్రవారం శుక్రవారం అక్కడే పసుపూ కుంకుమా అద్దేవారు.

ఒకనాడు ఇరుసు వణకడం మొదలుపెట్టింది. గోడ సున్నం రాలింది.

"అమ్మ ఆడతాండాది," అన్నాడు యజమాని. పొట్టేలును తెప్పించాడు.

వాళ్లు దాన్ని కోసే వేళకు ఇంజను ఆగి ఉంది. నేను మూత విప్పాను. రంధ్రం నిండా గట్టిపడిన కుంకుమ. నూనె దిగక బేరింగు అరిగి, సందు పెరిగింది. కడిగి, ఒక రేకు తీసి, బిగించి, నూనె పోశాను. ఇంజను నడిపితే మూతమీద పెట్టిన గ్లాసులో నీళ్లు కదల్లేదు.

"చూసినావా అప్పా? పొట్టేలు పడినాక ఎట్ల సల్లబడిందో! నీ పానాతో అయ్యేదా ఇది?" అని యజమాని నవ్వాడు.

మా అక్క అందరిముందూ మళ్లీ అక్కడే బొట్టు పెట్టింది.

"వద్దక్కా, నూనె దిగదు."

"నోరు మూసుకోరా. నీ మాటలకు శానా కోపమొచ్చి ఉంటాది అమ్మకు. నీకోసమే పెడతాండా."

నేను తీగముక్కతో ఆ కుంకుమను తోడేశాను. ఒక్కసారిగా అరుపులు. "అమ్మ బొట్టు చెరిపినాడు!" మా అక్క ముఖం తెల్లబోయింది. నన్ను గేటు బయటికి నెట్టేశారు.

నిన్న ఆ గోడ పక్కగా నడిచాను. లోపల ఇరుసు మూలుగుతోంది. గోడమీద చెయ్యి వేస్తే చెయ్యి అదిరింది. అక్క లోపలే ఉంది. పిలిచినా రాలేదు.

నన్ను రానివ్వరు. మిమ్మల్ని ఆపేవాళ్లు లేరు. వెళ్లండి. ఇంజను ఆపించండి. అంతకంటే ముందు, ఆ ఇరుసు పక్కనుంచి ఆమెను లేపండి.