దండెం వైపు కిటికీ

అడవి మధ్యలో, వచ్చేపోయేవాళ్ళకి బస ఇచ్చే ఇంటికి కోడలిగా వెళ్తున్నానంటే బతుకంతా సరదాగా గడిచిపోతుందనుకుంది పెద్దకోడలు. వచ్చినవాళ్ళకి సరదాగానే గడిచేది. ఆవిడకి మాత్రం దుప్పట్లు ఉండేవి. చెట్ల మధ్య విసిరేసినట్టు చెక్క కాటేజీలు, కాటేజీల్లో మంచాలు, మంచాల మీద దుప్పట్లు, దిండ్లకి గలీబులు. ఇవన్నీ రోజూ మాసేవి. అత్తగారికి వంటగది, మరిదికి నీళ్ళ మోటారూ బేరాలూ, తోడికోడలికి తాళంచెవులూ ఫోనూ. దుప్పట్లు ఎవరు చూసుకోవాలో ఎవరూ చెప్పలేదు. కాపురానికి వచ్చిన రోజున ఖాళీగా కనిపించింది ఆవిడొక్కతే.

ఆవిడ భర్త వడ్రంగం చేసేవాడు. ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు. సుత్తీ రంపం చేతికిస్తే ఏదో ఒకటి నిలబెట్టేవాడు, అందులో చాలావరకు నిలబడేవి. కిందటి వానాకాలంలో జ్వరమని పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. ఆయన పోయాక కూడా దుప్పట్లు మాసేవి. పరామర్శకి వచ్చినవాళ్ళు దండెం దగ్గరికే వచ్చి పరామర్శించారు. కొందరైతే తడి దుప్పటి రెండో కొస పట్టుకుని, పిండిపెట్టి మరీ వెళ్ళారు.

ఆయన కట్టినవాటిలో ఆఖరిది చివరి కాటేజీ. తక్కిన వాటి కిటికీలన్నీ వాగు వైపు చూస్తాయి. దీని కిటికీ దండెం వైపు చూస్తుంది. ప్లాను కాగితం తిరగేసి పట్టుకున్నానని చెప్పాడాయన. ఆయన సంగతి తెలిసినవాళ్ళు కాబట్టి ఇంట్లో అందరూ నమ్మారు. దిగినవాళ్ళు మాత్రం ఊరుకోలేదు. "అడవి చూద్దామని ఇంత దూరం వస్తే ఊళ్ళోవాళ్ళ తడిబట్టలు చూపిస్తారా?" అని దులిపేసి పోయేవారు. దండెం జరుపుదామంటే ఎండ పడే జాగా అదొక్కటే. కిటికీ మారుద్దామంటే కప్పు బరువంతా వాగు వైపు గోడ మీదే ఉంది, దానికి కన్నం పెడితే కప్పు నెత్తిన పడుతుంది.

అందుకని ఈ ఏడు మరిది ఆ కాటేజీ పీకేసి, ఆ చోట కార్లు పెట్టించాలని తేల్చాడు. తేల్చినవాడు వదిన మొహం చూడలేక మోటారు వైపు చూస్తూ చెప్పాడు.

"అన్నయ్య చేతిది. ఊరికే పీకెయ్యనులే వదినా. మన ఇంటి పద్ధతి ప్రకారమే చేద్దాం."

ఆ పద్ధతి మామగారు బతికుండగా పెట్టింది. జనం రావడం మొదలయ్యే ముందు ప్రతి కాటేజీలోనూ ఇంట్లోవాళ్ళు ఒకరు ఒక రోజు అతిథిగా దిగాలి. ఉత్తుత్తిగా కాదు. సంచి పట్టుకుని గేటు బయటినుంచి రావాలి. మర్నాడు మధ్యాహ్న భోజనం అయ్యేవరకు ఆ మనిషి ఇంటిమనిషి కాదు. వరస పెట్టి పిలవకూడదు, వంటగదిలోకి రానివ్వకూడదు. చివర్లో భోజనాల బల్ల దగ్గర అతిథి ఏం చెప్తే అదే మాట. ఎవరూ ఎదురు చెప్పకూడదు. ఒకసారి మామగారు అతిథిగా దిగి, టీ కుడితినీళ్ళలా ఉందన్నాడు. అత్తగారు మర్నాటి భోజనం దాకా పళ్ళ బిగువున ఓర్చుకుని, ఆ తర్వాత మాట్లాడింది. మాట్లాడటం పొద్దుపోయేదాకా సాగింది.

పెద్దకోడలు ఎప్పుడూ అతిథిగా దిగలేదు. ఆవిడ దిగితే దుప్పట్లు ఎవరు ఉతకాలి? ఈసారి అత్తగారే తీర్పు చెప్పింది.

"చివరిదాంట్లో పెద్దది దిగుతుంది. ఉంచమంటే ఉంచు, తీసెయ్యమంటే తీసెయ్. ఆ రోజుకి దుప్పట్లు చిన్నది చూసుకుంటుంది."

చిన్నకోడలు మొహం మాడ్చుకుంది కానీ, తర్వాత చాటుగా వచ్చి తోడికోడలి చెయ్యి పట్టుకుంది. "బాగుందని ఒక్క ముక్క అనెయ్ అక్కా. ఎవరు కాదంటారు?"

ఇల్లంతా అదే అనుకుంటోంది. ఆవిడకీ ఆ కాటేజీ నిలబడాలనే ఉంది. ఆయన చేతి పని ఇంకెక్కడా అంత నిండుగా మిగల్లేదు. చిక్కల్లా ఒక్కటే. ఈ పద్ధతి విషయంలో ఇంట్లో అందరికంటే మొండివాడు ఆయనే. అతిథిగా దిగినవాళ్ళు మొహమాటపడి అబద్ధం చెప్తే అన్నం సహించేది కాదాయనకి. ఇప్పుడు ఆయన కట్టిన గోడలు నిలబెట్టాలంటే ఆయన పట్టిన పట్టు పడగొట్టాలి.

మర్నాడు పొద్దున్నే సంచి పట్టుకుని గేటు బయటికి వెళ్ళి, మళ్ళీ లోపలికి వచ్చింది. మరిది ఎదురొచ్చాడు.

"రండి రండి. ప్రయాణం బాగా జరిగిందాండీ?"

"గేటు దగ్గర్నుంచేగా."

"దారిలో ఇబ్బందేం లేదుగా?"

"కుక్క మొరిగింది. మన కుక్కే."

"మా కుక్కండీ," అని సరిదిద్దాడు మరిది, నవ్వు మొహం మీదికి రాకుండా. "సంచి ఇలా ఇవ్వండి."

ఆవిడ ఇవ్వలేదు. కాసేపు ఇద్దరూ సంచి చెరో వైపూ లాగారు. చివరికి చిన్నకోడలు తాళంచెవి అందించి, "ఏం కావాలన్నా పిలవండమ్మగారూ" అని, దుప్పట్ల బుట్ట చంకనెత్తుకుని విసవిసా నడిచి వెళ్ళిపోయింది.

తలుపు భుజంతో తోస్తే గానీ తెరుచుకోలేదు. తెరుచుకున్నాక మూసుకోలేదు. నేల ఒక పక్కకి వాలి ఉంది. నేల మీద పెట్టిన చెంబు తనంతట తనే మూలకి బయల్దేరింది. మంచం కోడు కింద చెక్కముక్క, ఆ చెక్కముక్క కింద ఇంకో చెక్కముక్క. కుళాయి తిప్పితే ముందు శబ్దం వచ్చింది, ఆ తర్వాత బాగా ఆలోచించుకుని నీళ్ళు వచ్చాయి. ఈ గదిలో దుప్పటి ఎన్నోసార్లు మార్చింది గానీ ఇవేవీ ఆవిడ కళ్ళబడలేదు. దుప్పటి మార్చేవాళ్ళు మంచం ఒక్కటే చూస్తారు.

అలవాటుగా గది ఊడ్చబోయి, అతిథులు ఊడవరని గుర్తొచ్చి చీపురు వదిలేసింది. చెయ్యడానికి ఏమీ లేదు. మధ్యాహ్నం భోజనం గదికే తెచ్చిపెట్టారు. తిన్నాక కిటికీ దగ్గర కుర్చీ ఉంటే కూర్చుంది.

కూర్చున్నాక, ఒరిగిపోలేదని గమనించింది. లేచి వంగి చూసింది. నేల వాలుకి సరిపడా రెండు కాళ్ళు పొట్టిగా కోసి ఉన్నాయి. ఒక కాలు కోసింది చాలక రెండోసారి కోసినట్టు గుర్తు కూడా ఉంది. ఆ గది మొత్తంలో సమంగా నిలబడింది ఆ కుర్చీ ఒక్కటే. దాన్ని మూడు అడుగులు జరిపితే కుంటుతుంది.

మళ్ళీ కూర్చుని బయటికి చూసింది. దండెం ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఎవరో చట్రంలో బిగించినట్టు కనబడుతోంది. చిన్నకోడలు దుప్పట్లు ఆరేస్తోంది. అంచులు కలపడం లేదు. క్లిప్పు నోట్లో పెట్టుకుని ఎవరినో తిడుతోంది, బహుశా మొగుణ్ణి. నడుం పట్టేసి వెనక్కి విరుచుకుంది. ఇక్కణ్ణుంచి అన్నీ తెలుస్తున్నాయి. అక్కడ నిలబడ్డ మనిషికి మాత్రం ఈ కిటికీలో ఏముందో తెలీదు, అటు ఎండ కళ్ళల్లో పడుతుంది.

కాటేజీ ఖాళీగా ఉన్నప్పుడల్లా ఆయన భోజనం చేసి సుత్తి పట్టుకుని ఇక్కడికి వచ్చేవాడు. మరమ్మతు అనేవాడు. ఇన్నేళ్ళు మరమ్మతు చేసినా తలుపు తలుపులాగే ఉంది, నేల నేలలాగే ఉంది. ఒక ఏడు ఆవిడ అడక్కుండానే దండెం కిందికి దించాడు. ఆవిడకి భుజం నొప్పి అప్పుడే మొదలైంది, ఇంకా ఎవరితోనూ అనలేదు. నీకెలా తెలుసని అడిగితే, గుంజ పైకొస పుచ్చిపోయింది కోసేశానంతే అన్నాడు.

ఆవిడ ఏడవలేదు. అతిథి ఏడిస్తే ఇంటివాళ్ళు కంగారు పడతారు. చిన్నకోడలు బుట్ట ఖాళీ చేసుకుని వెళ్ళిపోయాక కూడా, దుప్పట్ల మీది ఎండ దిగిపోయేదాకా అక్కడే కూర్చుంది. ఆ రాత్రి మంచం ఒరిగి ఉన్నా బాగానే నిద్రపట్టింది.

మర్నాడు బల్ల దగ్గర అందరూ చేరారు. మరిది గొంతు సవరించుకున్నాడు.

"చెప్పండమ్మా, మా బస ఎలా ఉంది?"

"తలుపు పట్టేసింది," అందావిడ. "నేల వాలుగా ఉంది. మంచం మూడు కాళ్ళ మీదే ఉంది. కుళాయి మొరాయిస్తోంది. వాగు వైపు గోడ మూల తేమ ఎక్కింది."

ఒక్కోటి చెప్తున్నకొద్దీ మరిది మొహం వాలిపోయింది. అబద్ధం చెప్తుందని అందరికంటే ఎక్కువ ఆశపడ్డది అతనేనని అప్పుడు తెలిసింది. చిన్నకోడలు బల్ల కింద నుంచి కాలితో పొడిచింది.

"వదినా, మరీ అంత..."

"భోజనం ఇంకా అవలేదు," అంది అత్తగారు. "వదినెవరు?"

"సరే. కిటికీ?" అన్నాడు మరిది, ఇంక దాచేదేముందన్నట్టు. "దాని మీదే కదా అందరి ఏడుపూ."

"కిటికీ బాగుంది."



"బాగుందంటే? అందులోంచి దండెం కనిపిస్తుంది కదండీ."

"కనిపించింది. చూసినంతసేపూ విసుగు రాలేదు."

"మొహమాటానికి అంటున్నారా?"

"మొహమాటపడేదాన్నైతే నేల సంగతే చెప్పేదాన్ని కాదుగా. తలుపు చెక్కించండి, నేల సమం చేయించండి, మనుషులు ఉండొచ్చు. కిటికీ దగ్గర కుర్చీ ఉంది చూడండి, దాని కింద నేల మాత్రం ముట్టుకోవద్దు."

"గదంతా సమం చేసి అక్కడొక్కచోట వాలుగా ఉంచాలా?"

"అతిథి చెప్పింది కదరా," అంది అత్తగారు.

మరిది చెయ్యి కడుక్కుని, ఎవరితోనూ చెప్పకుండా చివరి కాటేజీకి వెళ్ళాడు. ఈలోపు చిన్నకోడలు దండెం చివర గలీబులు ఆరేసి వచ్చింది. చాలాసేపటికి గానీ అతను రాలేదు. వచ్చాక ఏం చూశావని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. కాటేజీ పీకడానికి తెచ్చిపెట్టిన గునపం తీసుకెళ్ళి పాకలో పడేశాడు.

"వదినా," అన్నాడు, ఈసారి ఎవరూ అడ్డుకోలేదు. "అన్నయ్య చిత్రిక ఎక్కడ పెట్టేవాడు? తలుపు సంగతి చూస్తాను." గుమ్మం దగ్గర ఆగి పెళ్ళాం వైపు తిరిగాడు. "నీకు నడుం నొప్పి ఎప్పట్నుంచి?"

"ఎవరు చెప్పారు?" అంది చిన్నకోడలు బిత్తరపోయి.

పెద్దకోడలు అప్పటికే దండెం దగ్గరికి వెళ్ళింది. కిందటి రోజు ఆరేసినవి ఇంకా తియ్యలేదు, రాత్రి మంచుకి మళ్ళీ తడిసి, అంచులు కలవనిచోట ముడతల్లో ఇంకా చెమ్మగానే ఉన్నాయి. ఒక్కో క్లిప్పూ ఊడదీసి, అంచులు కలిపి, లాగి మళ్ళీ ఆరెయ్యడం మొదలుపెట్టింది. చిన్నకోడలు వెనకాలే వచ్చి, కొంగు దోపుకుని అవతలి కొస పట్టుకుంది.

"అంత వంకరగా ఆరేశానా అక్కా?"

"ఇక్కణ్ణుంచి చూస్తే బాగానే ఉన్నాయి," అంది పెద్దకోడలు, తర్వాతి దుప్పటి అందుకుంటూ.