చావు మీద ఎమ్మే

అలీని అతని పెళ్లాం శవం చూడనివ్వలేదు. ఆపింది శత్రువులెవరూ కాదు, ఆమె సొంత తమ్ముడు అఫ్రాజ్.

తొంభై ఎనిమిది వానాకాలంలో అలీ పడవలకు పేర్లు రాసే పని మీద బందరు వెళ్లాడు. బయల్దేరిన పొద్దున భార్య సాలేహాకు ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. చింతపండు పిసుకుతూ, వెనక్కి తిరక్కుండానే, "మాత్ర వేసుకున్నాలే, నువ్వు బస్సు చూసుకో" అంది. మెదడువాపని తర్వాత చెప్పారు. కబురంది అతను భవానీపురంలో ఇంటికి చేరేసరికి ఆమెకు స్నానం చేయించి, కఫన్ బట్ట చుట్టి, జనాజా ఎత్తడానికి సిద్ధం చేసేశారు.

గుమ్మంలో అఫ్రాజ్ అడ్డం నిలబడి అతని భుజాల మీద రెండు చేతులూ వేశాడు.

"లోపలికి వద్దు దూలాభాయ్. ప్రాణం పోయిందంటే నికా తెగిపోయినట్టే. ఇప్పుడు మీరు అక్కకి పరాయి మగాడు. మీరు చూస్తే ఆమెకే పాపం."

పరాయివాడని చెప్పడానికి కూడా అక్క మొగుణ్ని పిలిచే పిలుపే వాడాడు. అలీ అది గమనించాడు గానీ వాదించే ఓపిక లేకపోయింది. ముసలమ్మలు తలలూపారు. తమ్ముడు చూశాడు, మేనమామలు చూశారు. ఆమె వండింది ఏళ్ల తరబడి తిన్నవాడు మాత్రం వీధిలో నిలబడి పక్కింటి గోడ చూశాడు. ఆమెది అతనికి మిగిలింది ఆ పొద్దుటి వీపు ఒక్కటే.

అలీ పదో తరగతి తప్పి, ఆటోనగర్‌లో లారీల మీద అక్షరాలు రాసి బతికేవాడు. ఖాళీ ఇంట్లో సాయంత్రాలు గడవక అర్హత పరీక్ష రాసి దూరవిద్యలో బీయే కట్టాడు, గట్టెక్కాడు కూడా. రెండువేల మూడులో బెంజ్ సర్కిల్ దగ్గర ఓ స్టడీ సెంటర్‌కి బోర్డు రాసే పని తగిలింది. సెంటరాయన కోర్సుల పేర్లు చదువుతుంటే అతను రాస్తూ పోయాడు. ఆఖర్న ఎమ్మే, మరణ అధ్యయనం, నీతిశాస్త్రం.

"అది చిన్నక్షరాల్లో ఓ మూల ఇరికించెయ్యి భాయ్. ఎవడూ చేరడు. యూనివర్సిటీ వాళ్లు పెట్టమన్నారని పెడుతున్నాం" అన్నాడాయన.

అలీ మిగతావాటికి ఎంత అక్షరం రాశాడో దానికీ అంతే రాశాడు. రంగు ఆరాక తనే చేరాడు.

ఈ కబురు ఆటోనగర్‌లో కొన్నాళ్లు అందరికీ కాలక్షేపమైంది. పక్క షెడ్డులో పెయింటర్ ఏడుకొండలు టీ గ్లాసుతో వచ్చి నిలబడేవాడు.

"చావు మీద ఎమ్మేనా! పాసైతే ఎక్కడికి పంపిస్తారు భాయ్, పైకేనా?"

"ఫెయిలైనా అక్కడికే" అన్నాడు అలీ, కుంచె ఆపకుండా.

ఆ కోర్సుకు విద్యార్థులు ఇద్దరే. రెండో మనిషి అమలమ్మ, గుణదలలో ఓ నర్సింగ్ హోమ్‌లో నర్సు. ఆదివారాలు పాఠం చెప్పే వెంకటకృష్ణారావు రిటైరైన లెక్చరర్. ఫ్యాను కింద కాగితాలు ఎగరకుండా కళ్లజోడు పెట్టె బరువు పెట్టి, ఎదురుగా నిండు తరగతి ఉన్నట్టే గొంతెత్తి చెప్పేవాడు.

"శవం ఎవరిదమ్మా? చెప్పండి చూద్దాం."

"మా వార్డులో అయితే ఎవరు గట్టిగా ఏడిస్తే వాళ్లదండీ" అంది అమలమ్మ.

ఆయన నవ్వాడు. అలీ నవ్వలేదు. వీధిలో నిలబడ్డ రోజు తను గట్టిగా ఏడవలేదన్న సంగతి గుర్తొచ్చింది.

రెండో ఏడు, సొంత మతంలో అంత్యక్రియల ఆచారాల గురించి పెద్దవాళ్లనడిగి వ్యాసం రాయమన్నారు. అలీ వన్‌టౌన్‌లో ఓ ముసలి మౌల్వీ దగ్గరికి వెళ్లాడు. ఆయన అరుగు మీద బఠాణీలు ఒలుస్తూ చెప్పాడు.

"మన మజ్‌హబ్‌లో, అంటే మనం పాటించే పద్ధతిలో, మొగుడు స్నానం చేయించకూడదు, చేత్తో తాకకూడదు. అంతవరకే."

"చూడ్డం?"

"చూడొచ్చు. ఎవరొద్దన్నారు? జనాజాకి భుజం కూడా పట్టొచ్చు. మనవాళ్లకి ఒకటి వద్దంటే దాని చుట్టూ ఇంకో నాలుగు వద్దులు కట్టడం అలవాటు బాబూ."

అలీ వంతెన దాకా నడిచి వెళ్లి, బస్సులు పోతుంటే చూస్తూ నిలబడ్డాడు. అడిగితే చెప్పే మనిషి ఈ ఊళ్లోనే ఉన్నాడు. ఆ రోజు ఎవరూ అడగలేదు. అతనూ అడగలేదు. మౌల్వీ చెప్పిందంతా వ్యాసంలో రాశాడు. వెంకటకృష్ణారావు అంచున ఎర్రసిరాతో 'బాగుంది' అని పెట్టాడు. ఎమ్మే పాసయ్యాడు. ఫ్లెక్సీలొచ్చి చేతిరాత బోర్డుల పని పడిపోయింది. ఆ డిగ్రీ చూసి ఉద్యోగమిచ్చిన వాడు లేడు.

రెండువేల ఏడు ఎండాకాలంలో అఫ్రాజ్ భార్య ఆస్రా చనిపోయింది.

అలీ వెళ్లేసరికి స్నానం అయిపోయింది. అఫ్రాజ్ గుమ్మానికి వీపు పెట్టి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. అతన్ని ఎవరూ ఆపలేదు. తనే ఆపుకున్నాడు. లోపల్నించి ఏడుపు వినిపించినప్పుడల్లా మెడ కొంచెం తిరిగేది, మళ్లీ వీధి వైపు వచ్చేసేది.

జనాజా లేపేదాకా నోరు మూసుకుంటే చాలు. అలీకి అది బాగా తెలుసు. ఏ నీతిశాస్త్రం అక్కర్లేని లెక్క అది: నువ్వు నాకు చేశావు, నీకూ అయింది. గుమ్మం ముందు విడిచిన చెప్పుల మధ్య నిలబడ్డాడు. కానీ ఆ మెడ తిరగడం మాత్రం చూడబుద్ధి కాలేదు.

"లే" అన్నాడు. "లోపలికి పో. ముట్టుకోవద్దు. చూడొచ్చు."

"తప్పు కదా దూలాభాయ్?"

"కాదు. మౌల్వీ సాబ్‌ని అడిగాను. కావాలంటే తర్వాత నువ్వూ అడుగు. ముందు పో."

అఫ్రాజ్ లేచాడు. గడప దగ్గర ఆగిపోయాడు.

"మరి ఆ రోజు…"

"పోరా."

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక అఫ్రాజ్ ఇల్లు ఖాళీ చేసి, కూతుర్ని తీసుకుని హైదరాబాద్ వెళ్లిపోవడానికి సిద్ధమయ్యాడు. వెళ్లేముందు అలీ ఇంటికొచ్చాడు. ఆ తర్వాత వాళ్లు మళ్లీ కలుసుకోలేదు. వచ్చినవాడు కూర్చోలేదు, మంచినీళ్లు ముట్టలేదు.

"నన్ను తిట్టండి దూలాభాయ్. కొట్టండి. మీరేం అనకుండా ఉంటే నేను బండెక్కలేను."

"తిడితే నాకేం వస్తుంది?" అన్నాడు అలీ. ఉన్న ఒక్క కుర్చీని అతని వైపు జరిపాడు. "కూర్చో. నువ్వు చూశావుగా. ఆ రోజు మీ అక్క మొహం ఎలా ఉందో చెప్పు."