అత్తగారి ఊరి చిరునామా

వానలు మొదలయ్యేసరికి మా ఆరోగ్య కార్యాలయంలో ఒక జాబితా తీస్తాం. భద్రాచలం అడవి వైపు కొన్ని ఊళ్లకు వాగు పొంగితే దారి ఉండదు. అక్కడ నెలలు నిండినవాళ్లుంటే ముందుగానే ఆసుపత్రికి చేర్చాలి. ఆ జాబితా తీసేది నేనే, కాంట్రాక్టు డేటా ఆపరేటర్ని.

నా దగ్గర రెండు పట్టికలు. ఒకదాంట్లో గర్భిణుల పేర్లు, చిరునామాలు. ఇంకోదాంట్లో వాగు అవతలి ఊళ్లు. చిరునామా ఒక్కొక్కరు ఒక్కో తీరుగా రాస్తారు, బడి వెనక అని ఒకరు, బోరింగు పక్కన అని ఒకరు. అందుకే డేటాబేస్ భాషైన ఎస్‌క్యూఎల్‌లో రెండు పట్టికలనూ ‘లైక్’ షరతుతో కలిపాను. ఊరి పేరుకు అటూ ఇటూ శాతం గుర్తు పెడితే చాలు, చిరునామాలో అది ఏ మూలనున్నా పట్టేస్తుంది. పదకొండు పేర్లొచ్చాయి. నా పనితనానికి నేనే మురిసిపోయి, జాబితాను ఆశా కార్యకర్తల ఫోన్లకు పంపి టీ తాగడానికి లేచాను.

అప్పుడే వాగు అవతలి నుంచి ఆశా కార్యకర్త ఫోన్. “మేడం, మా ఊరి పిల్ల పేరు లేదేంది? తొమ్మిదో నెల. ఈడ వాన దంచుతాంది.”

పేరడిగి మళ్లీ చూశాను. “ఆమెది వాగు ఇవతలి ఊరమ్మా. కంప్యూటర్ అబద్ధం చెప్తుందా?”

“కంప్యూటర్ సంగతి నాకేం ఎరుక? పిల్ల నా ముంగట కూసున్నది.”

విసుక్కుని పెట్టేశాను. గంట తర్వాత మళ్లీ చేసింది. ఆమె నోరు మూయించాలనే ఆ వరుస మొత్తం తెరిచాను. చిరునామా గడిలో అత్తగారి ఊరు. పక్కనే రిమార్కుల గడిలో, తొలి కాన్పు, తల్లిగారింట్లో ఉంది అని ఆ ఊరి పేరుతో సహా రాసి ఉంది. నేను కలిపింది చిరునామాతో మాత్రమే. ఛీ, నా బుద్ధి గడ్డి తిన్నదా! తొలి కాన్పుకు నేను మాత్రం పుట్టింటికి పోలేదూ?

పరుగున వెళ్లి జీపు పంపించాను. అది చేరేసరికి వాగు మీది చప్టాపై మోకాలి లోతు నీళ్లు. ఆమెను ట్రాక్టర్ మీద ఇవతలికి దాటించారట.

మర్నాడు ఆసుపత్రికి పోయాను. ఆడపిల్ల. తల్లీబిడ్డా బాగున్నారు. ఆశా కార్యకర్త వరండాలో కూర్చుని ఉంది. “తప్పు నాదే అక్కా,” అన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

“అయిందేదో అయింది. గిట్ల తల్లిగారింటికి వచ్చినోళ్లు ఇంకెందరున్నరో చూసిన్రా మేడం?”

చూడలేదు. ఈమె పేరొక్కటి చేత్తో చేర్చి, ఇంటికి పోయి హాయిగా నిద్రపోయాను. వాన ఇంకా తెరిపి ఇవ్వలేదు.