కచేరీకి పోనివ్వమంటే

ఈ రోజు సాయంత్రం మ్యూజియం చూసి బయటకు వచ్చి ఆటో ఎక్కాను. ఇన్నేళ్లూ రేడియోలో మాత్రమే విన్న వైణికురాలు చిక్కడపల్లిలో వాయిస్తున్నారు. ఇదే తన చివరి కార్యక్రమమని ఆమె ముందే ప్రకటించారు. అంటే ఇవాళ వినకపోతే ఇక లేదు.

"కచేరీకి బాబూ, త్వరగా" అన్నాను.

డ్రైవర్ దారంతా నన్ను ఓదార్చాడు. "ఫికర్ చెయ్యకుండ్రి సార్, అంత మంచిగనే అయితది." హైదరాబాద్ మర్యాద కాబోలు అనుకున్నాను. ఆటో వెళ్లి కోర్టు ముందు ఆగింది. గేటుకు తాళం.

"కచేరి బందయింది సార్. రేపు పొద్దుగాల రావాలె."

ఇక్కడ కచేరి అంటే కోర్టని అప్పుడు అర్థమైంది.

"వీణ కచేరీ బాబూ! చిక్కడపల్లిలో!"

"అరె, పాటలదా? మీ మొఖం జూసి ఏదో కేసుల పరేషాన్ ఉన్నరనుకున్న. జర గట్టిగ పట్టుకొని కూసోండ్రి."

నారాయణగూడ గల్లీల్లో ఎటు తిప్పాడో తెలియదు. నేను హాలు మెట్లెక్కేసరికి ఆమె ఇంకా శ్రుతి చేసుకుంటున్నారు. వెనక నుంచి అతని కేక వినిపించింది: "గెలిచినం సార్!"

'ఎక్కడ' అన్నది మొదటి వాక్యంలోనే ఉండాలని కుర్ర విలేకరులకు ఏళ్లుగా చెబుతున్నాను. ఆటోలో నేనే మరిచాను. అయినా గెలిపించిన ఆ తమ్ముడికి కృతజ్ఞతలు.

మీ ఊళ్లో కచేరీ అంటే పాటా, కోర్టా?