కమాన్ కట్టలకు పూసిన గ్రీజు

లిలువాలో మా రైల్వే క్వార్టర్ల ముందున్న రోడ్డంటే నా చిన్నప్పుడు నాకు పగ. ఆ గోతుల మీదుగానే మా నాయనమ్మను వారానికోసారి ఆసుపత్రికి తీసుకెళ్లేవారు. వెన్నెముకకు క్యాన్సర్ పాకిందని, ఇక నయం కాదని డాక్టర్లు చెప్పేశారు. అక్కడ వేసే సూదితోనే ఆవిడకు కాస్త కునుకు. పక్కింటి బెంగాలీ ఆయన, అన్నయ్యలా దాదా అని పిలిచేవాళ్లం, తన చిన్న కారులో తిప్పేవాడు. కారు గోతిలో పడ్డప్పుడల్లా ఆవిడ పెట్టే కేక వినలేక, ముందుసీట్లో మా తాతయ్య పక్కన ఇరుక్కుని నేను చెవులు మూసుకునేదాన్ని. ఒక వారం ఆవిడ తలుపు చెక్క పట్టుకుని వదల్లేదు.

"నన్నింక తిప్పకండి. ఇంట్లోనే సచ్చిపోతాను" అంది.

మా తాతయ్య వర్క్‌షాపులో రైలుపెట్టెల స్ప్రింగులు బిగించేవాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ ఆదివారం నాయనమ్మ పడుకున్నట్టే కారు వెనకసీట్లో కాళ్లు ముడుచుకుని పడుకుని, దాదాను గోతుల మీదుగా నడపమన్నాడు. దిగేసరికి మొహం పాలిపోయింది. అన్నాళ్లూ ముందుసీట్లో కూర్చుని వెళ్లిన మనిషి మరి.

వెనక చక్రాల కమాన్ కట్టలు, అంటే కుదుపు ఆపే ఇనప పట్టీల స్ప్రింగులు, విప్పి, పట్టీల మధ్య తుప్పు గోకి, గ్రీజు పూశాడు. బండి వెనక ఎగరకుండా డిక్కీలో ఇసుక మూట వేశాడు. టైర్లలో కొంచెం గాలి తీస్తుంటే బండి పాడైపోతుందని నేను గోల పెట్టాను.

"గట్టిగుంటే ఎగిరి పడతాదే గుంటా. కాస్త మెత్తగుండాల" అన్నాడు.

ఒక్కో పని అయ్యాక మళ్లీ పడుకోవడం, మళ్లీ ఆ గోతుల్లో తిరిగి రావడం. సాయంత్రానికి ఆయన నడుం వంగలేదు.

ఆసుపత్రి రోజున నాయనమ్మను ఎలాగో బతిమాలి బయల్దేరదీశారు. ఈసారి నాయనమ్మ కేక పెట్టలేదు. సగం దూరం పోయాక కళ్లు తెరిచింది.

"ఏటండీ, రోడ్డు బాగు సేసినారేటి?"

నేను నోరు తెరవబోతే తాతయ్య నా చెయ్యి నొక్కాడు.

"సేసినార్లే. తొంగో" అన్నాడు.

ఆ తర్వాత మూడు వారాలే బతికింది. ఆవిడను సాగనంపి వచ్చాక తాతయ్య డిక్కీలోని ఇసుక మూట తనే దింపి, గుమ్మం పక్కన దాని మీదే చాలాసేపు కూర్చుండిపోయాడు. దగ్గరికి వెళ్లడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ సంగతి ఇప్పటికీ బాధే.

ఇప్పుడు మా ఆయన్ను డయాలసిస్‌కు సాల్ట్ లేక్ ఆసుపత్రి దాకా కారులో తీసుకెళ్లాలి. బయల్దేరేముందు టైర్లలో గాలి చూపించి, వెనకసీట్లో నేనొకసారి పడుకుని వీధి చివరిదాకా వెళ్లొస్తాను. బండి నడుపుతూ మా అబ్బాయి నవ్వుతాడు. నవ్వనీ.

మొన్న దారిలో మా ఆయన కళ్లు తెరిచి, "ఈ రోడ్డు ఎప్పుడేసినారే?" అని అడిగాడు.

"ఈ మధ్యనే ఏసినార్లెండి" అన్నాను.