సోలార్ షెడ్డుకు క్రేన్ వచ్చిన రోజు

మా తమ్ముడు నా మీద చేయి చేసుకున్నది జీవితంలో ఒక్కసారే. అదీ అందరూ చూస్తుండగా, జహీరాబాద్ దాటాక బొంబాయి రోడ్డు పక్కనున్న సోలార్ షెడ్డు గేటు ముందు. ఆ దెబ్బకు నా చెవి కమ్మ ఊడి మట్టిలో పడింది. తరువాత జరిగిన వాటితో పోలిస్తే అది దెబ్బే కాదు. కానీ అంతా మొదలైంది దానితోనే. అక్కడిదాకా ఎలా వచ్చామో చెప్పకపోతే మా తమ్ముడు మీకు చెడ్డవాడిలా కనిపిస్తాడు.

ఆ షెడ్డు ఒకప్పుడు అల్లం నిలవచేసే గోదాము. టౌన్లో వ్యాపారం చేసే ఒక సేటు దాన్ని కొని, రేకులు మార్పించి, సోలార్ ప్లేట్లు తయారుచేసే పని పెట్టాడు. చుట్టుపక్కల పల్లెల నుంచి ఇరవైమంది దాకా ఆడవాళ్లం చేరాం. అంతకుముందు నేను చెరుకు కోతకు పోయేదాన్ని. చెరుకు ఆకు కోసిన గీతలు చేతుల మీద ఎప్పుడూ మండుతూ ఉండేవి. షెడ్డులో నీడ ఉండేది, ఫ్యాన్ ఉండేది, కూర్చోవడానికి స్టూలు ఉండేది.

చైనా నుంచి డబ్బాల్లో, ఎండను కరెంటు చేసే నల్లటి బిళ్లలు వచ్చేవి. అప్పడం కన్నా పలుచన. వేలు గట్టిగా తగిలితే చిట్లిపోయేవి. ఓడలో ముంబైకి, ముంబై నుంచి లారీలో మా దగ్గరికి. వాటిని సన్నటి తీగతో ఒకదానికొకటి అతికి, అద్దం మీద పరిచి, పైనా కిందా జిగురు షీట్లు వేసి ఒక పెద్ద మిషన్లోకి తోసేవాళ్లం. ఆ వేడికి అన్నీ కరుచుకుని ఒక్క పలకగా బయటికి వచ్చేవి. ఆ మిషన్‌కు ఏదో ఇంగ్లీషు పేరు ఉంది. మేము పొయ్యి అనేవాళ్లం. షెడ్డుకు అదే ప్రాణం. మేము చేసిన ప్లేట్లు ఎక్కువగా సర్కారు పథకంలో రైతుల బోరు మోటార్లకు పోయేవి.

ఆ రోజుల్లో టీవీ పెడితే చాలు, ఏదైనా మన దేశంలోనే తయారు కావాలి, చైనా మీద ఆధారపడొద్దు అనే మాటే వినబడేది. మధ్యాహ్నం అన్నం డబ్బాలు ముందేసుకుని మేమూ వినేవాళ్లం. ఆ చెప్పేది మా గురించేనని ముచ్చటపడేవాళ్లం. మొదట బయటి నుంచి వచ్చే బిళ్లల మీద సుంకం వేశారు. లారీలు రావడం తగ్గింది. ఆ తరువాత ఒక పొద్దున సేటు అందరినీ పిలిచి, ఖాళీ డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

"సర్కారు మోటర్లకు ఇగ మన ప్లేట్లు తీసుకోరమ్మా," అన్నాడు. "ఢిల్లీల ఒక లిస్టు చేసిన్రు. అండ్ల పేరున్న కంపెనీ ప్లేట్లే కొంటరట. బిళ్లలు గూడ మన దేశంల చేసినయే ఉండాలెనట."

"మరి మన దేశం బిళ్లలే తెప్పియ్యి సేటూ," అంది నా పక్క స్టూలు మీద పనిచేసే అక్క.

"యాడ దొరుకుతయి? గుజరాత్ దిక్కు పెద్ద ఫ్యాక్టరీలు చేస్తున్నయి. ఆల్లు చేసినయి ఆల్లకే సరిపోతలేవు. నాసొంటోనికి ఎవడిస్తడు?"

సేటును నేను దొంగ అనను. జర ఓపిక పట్టండి, నేను కూడా ఆ లిస్టులోకి ఎక్కుతాను, పొయ్యి మాత్రం ఎక్కడికీ పోదు, మళ్లీ మిమ్మల్నే పిలుస్తాను అన్నాడు. ఆ మాట పట్టుకుని మేము ఇళ్లకు పోయాం. నేను మళ్లీ చెరుకు కత్తి పట్టాను.

కోతలు ఇంకా పూర్తి కాకముందే ఒక పొద్దున షెడ్డు వాచ్‌మన్ ఫోన్ చేశాడు. సేటు పొయ్యిని మహారాష్ట్ర వాళ్లకు అమ్మేశాడని, ట్రైలర్ లారీ వచ్చి నిలబడిందని, క్రేన్ కూడా వస్తోందని చెప్పాడు. చేలో ఉన్నవాళ్లం ఉన్నట్టే బయలుదేరాం. ఆటోల్లో, బండ్ల మీద, దొరికినవాళ్లం దొరికినట్టు చేరుకున్నాం. అప్పటికే ట్రైలర్‌తో వచ్చిన మనుషులు పొయ్యిని ఇనుప గొట్టాల మీద దొర్లించి షెడ్డు వాకిట్లోకి తెచ్చారు. మేము గేటుకు అడ్డంగా నిలబడ్డాం.

క్రేన్ వచ్చింది. నడిపేది మా తమ్ముడు.

వాడు టౌన్లో ఒక క్రేన్ ఓనరు దగ్గర డ్రైవరు. ఎక్కువగా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ వైపు సామాను దించే పని. అక్కడ నన్ను చూసి వాడి మొహం మాడిపోయింది.

"జర పక్కకు జరుగక్కా," అన్నాడు కిందికి వంగి.

"ఎట్ల జరుగుత తమ్మీ? అది పోతె మేమేం గావాలె?"

"గది నాకేమెర్క? ఓనర్ పొమ్మన్నడు, వచ్చిన. నేను ఎత్తకపోతె ఇంకొకడు ఎత్తుతడు."

"ఇంకొకణ్ణే రానియ్యి. నువ్వు వాపస్ పో."

వెనక నుంచి ట్రైలర్ మేస్త్రీ అరుస్తున్నాడు. తమ్ముడు గేరు వేసి ముందుకు కదిపాడు. నేను మెట్టెక్కి తాళంచెవి మీద చేయి వేశాను. వాడు ఒక చేత్తో నన్ను నెట్టాడు, నేను వదల్లేదు. దూకి కిందికి వచ్చి చెంప మీద ఒకటి కొట్టాడు, నేను మట్టిలో పడ్డాను. ఆ క్షణంలో వాడి కళ్లలో కోపం కంటే భయమే ఎక్కువ ఉంది.

నేను లేచేలోపే నా పక్క స్టూలు అక్క గేటు దగ్గర పడున్న అల్యూమినియం పట్టీ ఒకటి తీసి వాడి నెత్తి మీద కొట్టింది. ప్లేట్ల అంచులకు బిగించే పట్టీ అది, కొన కత్తిలా ఉంటుంది. నుదురు చీలి నెత్తురు కంట్లోకి కారింది. వాడు రెండు చేతులతో మొహం పట్టుకుని టైరుకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

అప్పుడు ట్రైలర్ దగ్గరి మనుషులు గడ్డపారలతో వచ్చారు. మాలో కొందరి నడుముకు చెరుకు కత్తులు ఉన్నాయి. ఇక ఎవరు ఎవరిని ఆపగలరు? మొదటి గడ్డపార దెబ్బ నా కుడి భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. నొప్పి తరువాత వచ్చింది. గోడకు నిలబెట్టిన అద్దాలు ఒకదాని మీద ఒకటి కూలి గులకరాళ్లలా చెదిరిపోయాయి. ఇద్దరు మగవాళ్లు ఆ స్టూలు అక్కను జుట్టు పట్టి ఆ అద్దం మీద నుంచి ఈడ్చారు. ఆమె వీపు ఎర్రగా అయిపోయింది. ఆమె ఒకడి చేతిని కొరికి పట్టుకుంది, వాడు పిడికిలితో గుద్దుతున్నా వదల్లేదు. మా వాళ్లలో ఒకామె తిప్పిన కత్తికి ఒకడి అరచేయి తెగింది. వాడు ఆ చేతిని చంకలో ఇరికించుకుని రోడ్డు వైపు పరుగెత్తాడు. హైవే మీద బస్సులు నెమ్మదించి, కిటికీల్లోంచి జనం చూసి, మళ్లీ పోతున్నారు.

మేస్త్రీ మా తమ్ముడి చొక్కా పట్టుకుని లేపాడు.

"ఎక్కి మిషిన్ ఎత్తు. లేకుంటె ఆల్లు దాన్ని పలగ్గొడ్తరు."

"మా అక్క కింద పడ్డది. నేనెత్త," అన్నాడు తమ్ముడు.

మేస్త్రీ వాణ్ణి కడుపులో తన్ని తానే క్రేన్ ఎక్కి పొయ్యి దాకా నడిపాడు. పొయ్యికి తాళ్లు అప్పటికే చుట్టి ఉన్నాయి, కానీ ఒక వైపు సరిగా బిగించలేదు. ఎత్తాడు. అది నడుము ఎత్తు లేచి ఒక పక్కకు ఒరిగింది. అటువైపు తాళ్లు సర్దడానికి వంగిన మనిషిని నేను చూశాను. అరిచానో లేదో నాకు తెలియదు. తాడు తెగింది. పొయ్యి మూల అతని కాలి మీద, మోకాలికి కింద పడింది.

ఆ కేక విన్నాక అందరి చేతులూ ఆగిపోయాయి. అతను బీదర్ వైపు మనిషి, కన్నడంలో తల్లిని పిలుస్తున్నాడు. ముందుగా స్టూలు అక్కే, వీపు మీద గాజు పెంకులు అలాగే ఉండగా, పోయి ఒక గడ్డపార తీసుకుని పొయ్యి కింద గుచ్చింది. ఆమెను ఈడ్చినవాళ్లే వచ్చి ఆమె పక్కన నిలబడి తలా ఒక గడ్డపార గుచ్చారు. మా తమ్ముడు ఒక కన్ను మూసుకుని, "ఒక్కసారె లేపాలె, నేను జెప్పినప్పుడు," అంటున్నాడు. పొయ్యి జానెడు లేచింది. అతన్ని బయటికి లాగారు. ఆ కాలు ఇక కాలులా లేదు.

అప్పుడే పోలీసుల బండి వచ్చింది. వాళ్లకు కనిపించింది చేతుల్లో గడ్డపారలు, నేల మీద నెత్తురు. ఎవరు దేనికోసం గడ్డపార పట్టుకున్నారో ఎవరూ అడగలేదు. లాఠీలు లేచాయి. కాలు నలిగినవాణ్ణి మోస్తున్న ఇద్దరికీ వీపు మీద దెబ్బలు పడ్డాయి, అయినా వాళ్లు అతన్ని కింద పెట్టలేదు.

దవాఖానలో తమ్ముడిదీ నాదీ ఒకే వార్డు, మధ్యలో ఒక తెర. వాడి నుదుటికి కుట్లు వేశారు. నా భుజానికి పట్టీ కట్టారు. సాయంత్రం తెర అవతలి నుంచి, "చెవి నొస్తుందా?" అని అడిగాడు. "భుజం ఇరిగినోల్లకు చెవి యాదికుంటదా?" అన్నాను. వాడు ఏడ్చాడు. నేను ఏడవలేదు, నాకు ఇంకా కోపం పోలేదు.

ఆ కోపం ఇంకో వారానికి పోయింది. క్రేన్‌కు సామాను ఎత్తే చేయి వంగిపోయిందని, దానికి ఆడవాళ్లను ఎగదోసిన నేనే కారణమని ఓనరు మనుషులు ముగ్గురు మా ఇంటికి వచ్చారు. పొద్దు గూకుతోంది. తలుపు ఒక్క తన్నుకు గొళ్లెం ఊడింది. ఒకడు లోపలికి వచ్చి నా పట్టీ కట్టిన చేతినే మెలిపెట్టాడు. నా కళ్లు బైర్లు కమ్మాయి. నన్ను చూసి పోదామని వచ్చిన తమ్ముడు అప్పుడే వాకిట్లో బండి దిగుతున్నాడు. గోడకు వేలాడుతున్న నా చెరుకు కత్తి తీశాడు. నరుకుతాడనే అనుకున్నాను. కత్తిని తిప్పి, వెన్ను వైపుతో నా చేయి మెలిపెట్టినవాడి మోకాలి మీద కొట్టాడు. వాడు కూలబడ్డాడు.

"ఇంకోపారి ఎన్ను దిక్కు తిప్ప," అన్నాడు మిగతా ఇద్దరితో. "మల్ల వస్తె పదునే తగుల్తది."

వాళ్లు తమ మనిషిని ఎత్తుకుని పోయారు. తమ్ముడి నౌకరీ ఆ రోజుతోనే పోయింది.

కేసులు రెండు అయ్యాయి. మా మీద ఒకటి, ట్రైలర్ వాళ్ల మీద ఒకటి. ఒక దాంట్లో నేను ముద్దాయిని, మా తమ్ముడు సాక్షి. ఇద్దరం ఒకే బండి మీద కోర్టుకు పోయేవాళ్లం. కాలు పోయిన మనిషి కూడా చంకలో కర్రలతో వచ్చేవాడు. మోకాలి కింద తీసేశారు. ఒకసారి బెంచీ మీద నా పక్కన కూర్చుని, "ఆ మిషిన్ ఆఖరికి ఎవరికి పోయింది?" అని అడిగాడు. పడ్డప్పుడే లోపల పగిలిపోయిందని, తుక్కు కింద తూకం వేసి తీసుకుపోయారని చెప్పాను. స్టూలు అక్క తన డబ్బాలోని జొన్నరొట్టె సగం విరిచి అతని చేతిలో పెట్టింది. చివరికి పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు. సేటు షెడ్డు అమ్మేసి హైదరాబాద్ వెళ్లిపోయాడు.

నా భుజం చెరుకు కోతకు పనికిరాకుండా పోయింది. ఇప్పుడు టౌన్లో బట్టల దుకాణంలో మడతలు పెడతాను. తమ్ముడికి ఇక్కడ ఎవరూ క్రేన్ ఇవ్వలేదు. గుజరాత్‌లో ఆ బిళ్లలు తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీలోనే పని దొరికింది. మొన్న ఫోన్ చేశాడు.

"మా పొయ్యిసొంటివి ఎన్నున్నయిరా ఆడ?" అని అడిగాను.

"లైనుకు లైను ఉన్నయక్కా. తీగె అతికేది గూడ మిషిన్లే. మనుషులు నిలబడి చూస్తరంతె."

"మరి ఎప్పుడన్న ఫ్యాక్టరీ బందు పెడితె? అందరు కలిసి కొట్లాడుతరా?"

"ఎవరు కొట్లాడుతరక్కా? ఈడ ఒక్కొక్కలది ఒక్కో రాష్ట్రం, ఒకరి మాట ఒకరికి రాదు."